ఓటు ఊర్లో, ఓటరు బతుకుదెరువులో

2024 మే 13, సోమవారం. లోక్‌సభ ఎన్నికల పోలింగ్. వరంగల్ జిల్లా వర్ధన్నపేట దగ్గరి మా ఊరి బడిలో పొద్దున ఏడున్నరకే లైన్లో నిలబడ్డాను. ఆడవాళ్ల లైను బడి గేటు దాటి వేపచెట్టు కిందికి వచ్చింది. మగవాళ్ల లైన్లో నా ముందు పదకొండు మంది ఉంటే, నలభై ఏళ్ల లోపు వాళ్లు ఇద్దరే. బయట టెంటు కింద ఒక పార్టీ పిల్లగాడు ఓటరు లిస్టు ముందేసుకుని పేర్ల పక్కన పెన్సిల్‌తో ఏదో రాస్తున్నాడు. తొంగి చూశాను. హైదరాబాద్, హైదరాబాద్, దుబాయ్, సూరత్, మళ్లీ హైదరాబాద్. పేజీకి ముప్పై పేర్లుంటాయి. ఆ పేజీలో ఊర్లో ఉన్నవాళ్లు పదిహేడు మందే. "వీళ్లంతా రారా తమ్మీ?" అంటే, "సర్పంచ్ ఎలక్షన్ అయితే కార్లు పెట్టి తోల్కొస్తరన్నా. ఢిల్లీ ఎలక్షన్‌కు ఎవరు తోల్కొస్తరు?" అన్నాడు.

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదల్లేదు. ఓటర్లు మారుతున్నారని అందరం అంటాం. ఏ కులం ఎటు పోయింది, ఏ పార్టీ ఓటు ఎటు మళ్లింది అని రాత్రి పదింటి దాకా టీవీల్లో చర్చలు చూస్తాం. కులాల లెక్క ఇప్పుడు సర్వే రూపంలో కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో మొదలుపెట్టి చేసిన సర్వే ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. ఆ లెక్కలు అవసరమే, కాదనను. కానీ ఉత్తర తెలంగాణ వరకు చూస్తే అంతకన్నా పెద్ద మార్పు మరొకటి జరిగింది. ఓటు ఉన్నచోట మనిషి లేడు, మనిషి ఉన్నచోట ఓటు లేదు. బూత్ దాకా నడిచొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, పెద్దవయసు వాళ్లు. రెక్కల కష్టం మీద ఇల్లు నడిపే వయసు మగవాళ్లలో చాలామంది పేరు లిస్టులో ఉంటుంది, మనిషి ఎక్కడో ఉంటాడు.

ఇది ఒక్కరోజులో జరగలేదు. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. అది కుంటుపడి, చివరికి మూతపడే నాటికి, చుట్టుపక్కల మగ్గాల మీద బతికే పద్మశాలి కుటుంబాలు సూరత్‌కు, భివండీకి దారి పట్టాయి. అక్కడి పవర్‌లూమ్‌ల దగ్గర రెండు తరాలు గడిచిపోయాయి. వాళ్లను వెనక్కి తెస్తామనే మాటతోనే 2017 అక్టోబర్‌లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. వచ్చినవాళ్లు కొందరు ఉన్నారు. రాని వాళ్లే ఎక్కువ. సూరత్‌లో పుట్టిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ల ఓటు ఎక్కడుండాలన్న ప్రశ్న ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నాకు కనబడలేదు.

అటు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు పోతే కథ గల్ఫ్‌ది. దుబాయ్, మస్కట్, ఖతార్, కువైట్, సౌదీ. ఇంటికొక్కరు పోయిన ఊళ్లున్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు లెక్కకొచ్చారు. కరీంనగర్‌లో 1,008, ఆదిలాబాద్‌లో 1,001. మన వరంగల్‌లో 997. అంకెలు వరుసగా పెట్టుకుని చూస్తే, గల్ఫ్‌కు ఎక్కువ మందిని పంపిన జిల్లాల్లోనే ఆడవాళ్ల లెక్క పైకి పోయినట్టు తెలుస్తుంది. దీనికి వేరే కారణాలూ ఉండొచ్చు, కానీ పెద్ద కారణం వలసేనని నా నమ్మకం. ఊర్లో మగవాళ్లు తగ్గారు కాబట్టి ఆ నిష్పత్తి పెరిగింది.

ఇక సింగరేణి. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. బెల్లంపల్లి లాంటి పట్టణం ఆ తేడాను కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. బొగ్గుబాయి మూతపడితే క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, క్వార్టర్లు ఖాళీ అయితే యూనియన్ బలం పోయింది, యూనియన్ చెప్పినట్టు ఓటేసే తరం కూడా దాంతోనే పోయింది. ఒకప్పుడు గని గేటు మీటింగ్‌లో ఎన్నిక తేలిపోయేదని పాత కార్మికులు ఇప్పటికీ చెబుతారు. కాంట్రాక్టు పనిచేసే కుర్రాడికి అలాంటి గేటు లేదు. అతని సమాచారమంతా ఫోన్‌లోనే.

అందరికన్నా పెద్ద వలస హైదరాబాద్‌కు. దాన్ని మనం వలస అనడం కూడా మానేశాం. ఉప్పల్, బోడుప్పల్, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్‌లలో వరంగల్, కరీంనగర్ మనుషులు లేని గల్లీ ఉండదు. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 48 శాతం. మల్కాజ్‌గిరిలో 50 శాతం చిల్లర. కరీంనగర్‌లో 72 శాతం దాటింది, వరంగల్‌లో 69 శాతానికి దగ్గరగా ఉంది. పట్నం వాళ్లకు బాధ్యత లేదని మరుసటి రోజు అందరూ తిట్టారు. సోమరితనం కొంత ఉంది, కాదనను. కానీ నగరంలో ఓటుండి వేయనివాళ్లలో రెండు చోట్లా ఓటున్న వాళ్లు ఎందరో ఎవరూ అడగలేదు. ఊర్లో ఓటును నాన్న తీయనివ్వడు. "ఊర్లో ఓటు పోతే ఊరితో తెగినట్టే బిడ్డా" అంటాడు. పట్నంలో ఓటు అపార్ట్‌మెంట్ సెక్రటరీ నమోదు చేయిస్తాడు. చట్టం ప్రకారం ఒక మనిషికి ఒకేచోట ఓటుండాలి. వాస్తవంలో మనిషి ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టుకుని బతుకుతున్నాడు. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటిందంటే, ఈ మనుషులు బస్సులెక్కి, కార్లెక్కి వచ్చారు కాబట్టే. తన వాళ్లు సర్పంచ్‌గా నిలబడితే వస్తారు. ఎంపీ కోసం రారు.

ఇప్పుడు ఆ వేపచెట్టు కింది లైను గురించి మాట్లాడాలి. నా దృష్టిలో అసలైన మార్పు అక్కడే ఉంది. 1962 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద మగవాళ్లు 63 శాతం మంది ఓటేస్తే, ఆడవాళ్లు 47 శాతం లోపే వేశారు. ఆ తేడా తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 2019లో మొదటిసారి ఆడవాళ్ల పోలింగ్ శాతం మగవాళ్లను కొద్దిగా దాటింది. 2024లోనూ అంతే. తెలంగాణలో లిస్టులోనే వాళ్లు ముందున్నారు. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి ఇద్దరూ 1.63 కోట్ల చొప్పున దాదాపు సమానం, ఆడవాళ్లు మూడు వేల పైచిలుకు ఎక్కువ. 2025 జనవరి జాబితాకు వచ్చేసరికి మగవాళ్లు 1.66 కోట్లు, ఆడవాళ్లు 1.68 కోట్లు. పద్నాలుగు నెలల్లో ఆ తేడా రెండు లక్షలు దాటింది.

అయినా పార్టీలు ఆడవాళ్లతో మాట్లాడే తీరు మారలేదు. ఊర్లోకి అభ్యర్థి వస్తే మగవాళ్లతో కుర్చీల్లో కూర్చుని మాట్లాడతాడు, ఆడవాళ్లతో బొట్టు పెట్టించుకుని, హారతి పట్టించుకుని పోతాడు. ఇంటాయన ఎటు అంటే ఇంటామె అటే అన్న పాత లెక్కే నడుస్తోంది. ఇంటాయన మస్కట్‌లో ఉంటే ఆ లెక్క ఎట్లా నడుస్తుంది? జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లను గమనించండి. ఆమె పీఎఫ్ ఆమె పేరు మీద ఉంది, బీడీ పెన్షన్ ఆమె పేరు మీద వస్తుంది, సంఘం లోన్ ఆమె పేరు మీద నడుస్తుంది, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడేది ఆమే. భర్త పంపిన పైసలను ఫీజుకు, చిట్టీకి, అప్పుకు పంచి పెట్టేది ఆమే. అన్నేళ్లు ఇంటి పెద్దరికం చేసిన మనిషి ఓటు దగ్గర మాత్రం ఇంకొకరిని అడుగుతుందని అనుకోవడం తెలివితక్కువ. మా ఊరి లైన్లో మా చిన్నమ్మను అడిగాను, ఎవరికి వేస్తున్నావని. "అది అడిగే ముచ్చటా?" అని కసిరింది. ముప్పై ఏళ్ల కింద ఇదే బడిలో ఇదే ప్రశ్నకు "మీ బాబాయి చెప్పిన గుర్తుకే" అన్నది ఆమే.

యువతరం విషయానికి వస్తే, వాళ్లను అందరూ పొగుడుతారు గానీ ఎవరూ అర్థం చేసుకున్నట్టు కనబడదు. 1984లో హన్మకొండ నుంచి పీవీ నరసింహారావు బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. దేశంలో ఆ పార్టీకి వచ్చిన రెండు సీట్లలో అదొకటి. అప్పుడు ఓటు వయసు 21. రాజ్యాంగానికి 61వ సవరణతో అది 18కి తగ్గి, 1989 ఎన్నికల నుంచి అమలైంది. అంటే 1984లో ఓటేసిన వాళ్లందరూ ఇప్పుడు అరవై దాటిన వాళ్లు. 2029లో మొదటిసారి లోక్‌సభకు ఓటేయబోయే పిల్లల్లో చాలామంది 2007, 2011 మధ్య పుట్టిన వాళ్లు. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 నాటికి వాళ్లకు మూడు నుంచి ఏడేళ్లు. సకల జనుల సమ్మె, మిలియన్ మార్చ్, కాకతీయ యూనివర్సిటీలో లాఠీచార్జీలు, నిరాహార దీక్షలు, ఇవన్నీ మా తరానికి ఒంటి మీద మచ్చలు. వాళ్లకు సోషల్ పుస్తకంలో ఒక పాఠం. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఉద్యమం పేరు చెప్పి ఓటడిగే రోజులు ఆ పిల్లల దగ్గర ముగిసిపోయాయి.

వరంగల్ లోక్‌సభ స్థానమే దీనికి ఉదాహరణ. 2015 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ అభ్యర్థి పసునూరి దయాకర్ 4.59 లక్షల మెజారిటీతో గెలిచారు. తొమ్మిదేళ్ల తర్వాత 2024లో కాంగ్రెస్ అభ్యర్థి కడియం కావ్య 2.20 లక్షల మెజారిటీతో గెలిస్తే, బీజేపీ రెండో స్థానంలో నిలిచింది, బీఆర్ఎస్‌గా పేరు మారిన అదే పార్టీ మూడో స్థానానికి పోయింది. నాయకులు పార్టీలు మారారు, ప్రభుత్వం మారింది, ఇవన్నీ నిజమే. అయితే ఓటర్లూ మారారు. ఉప ఎన్నిక నాటికి 15 లక్షల పైచిలుకు ఉన్న ఓట్లు 2024కు 18 లక్షలు దాటాయి. చనిపోయిన వాళ్లు పోగా చేరినవాళ్లు అంతకన్నా ఎక్కువ. 27 ఏళ్ల లోపు వాళ్లెవరూ ఆ ఉప ఎన్నికలో ఓటేయలేదు.

కరీంనగర్ ఇంకా విచిత్రం. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల్లో ఆ లోక్‌సభ పరిధిలోని ఏడు సీట్లలో బీజేపీ ఒక్కటీ గెలవలేదు. ఐదున్నర నెలలకు అదే పార్టీ అభ్యర్థి బండి సంజయ్ 2.25 లక్షల మెజారిటీతో గెలిచారు. ఐదున్నర నెలల్లో కులాలు మారవు, ఊళ్లు మారవు. హైదరాబాద్ ఓటు వేరు, ఢిల్లీ ఓటు వేరు అని విడదీసి చూసే అలవాటు వచ్చింది. ఈ అలవాటు ముందుగా అబ్బింది యువతకేనని నేననుకుంటున్నాను, ఎందుకంటే ఏ పార్టీతోనూ తాతల నాటి బాకీ లేనివాళ్లు వాళ్లే. నిజామాబాద్ పసుపు రైతులు 2019లో ఇంకో దారి చూపించారు. 185 మంది పోటీలో ఉంటే, వాళ్లలో 170 మందికి పైగా రైతులే. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు, 2025 జనవరిలో వాళ్లు అడిగిన పసుపు బోర్డు వచ్చింది. ఒక పంట పేరు మీద ఓటు కూడగట్టడం కూడా ఓటరు మారడమే.

అయితే యువత గురించి బాధ కలిగించే సంగతి ఒకటుంది. 2024 ఎన్నికల ముందు దేశంలో 18, 19 ఏళ్ల వాళ్లు 1.8 కోట్ల మంది నమోదయ్యారని గొప్పగా చెప్పారు. ఆ వయసు వాళ్లలో అది సగం కూడా కాదు. హన్మకొండలో కోచింగ్ సెంటర్ల చుట్టూ, హాస్టళ్ల చుట్టూ ఎన్ని వేల మంది పిల్లలుంటారో అందరికీ తెలుసు. చదువుకునే చోట హాస్టల్ అడ్రస్‌తో ఓటు నమోదు చేసుకోవచ్చని ఎన్నికల సంఘం నిబంధనల్లో ఉంది. ఆ సంగతి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. పద్దెనిమిది నిండాయా అని చూసే అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగున్నాయి, జనవరి 1తో పాటు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. అదీ చాలామందికి తెలియదు.

భూపాలపల్లి, ములుగు అడవుల్లో ఇంకో రకం ఓటరున్నాడు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయలు. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ గుర్తింపు లేదు. కొందరికి ఓటు కార్డుంది, భూమి పట్టా లేదు, కుల సర్టిఫికెట్ లేదు. మనం వెళ్లిపోయిన వాళ్ల ఓట్ల గురించే మాట్లాడుతున్నాం, వచ్చినవాళ్ల గురించి మాట్లాడకపోతే న్యాయం కాదు.

ఇక అసలు టెన్షన్ ఓటరు జాబితాల సవరణతో. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలో "సాధారణ నివాసి" అని ఒక మాట ఉంది. ఊర్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసివి కావు అని చట్టం అంటుంది. కొన్నాళ్లు వేరేచోట ఉన్నంత మాత్రాన నివాసం పోదు అని కూడా అదే చట్టం అంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య మన లక్షల మంది వేలాడుతున్నారు. పదకొండు నెలలు సూరత్‌లో ఉండి బతుకమ్మకు, దసరాకు వచ్చిపోయేవాడు ఎక్కడి నివాసి? జాబితా సరిచూసే బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికి వచ్చిన రోజు తలుపుకు తాళం ఉంటే ఏం రాసుకోవాలి? మా వాడకట్టులోనే గల్ఫ్‌లో ఉన్న ఒకతని పేరు "ఊరు మారిండు" అని తీసేశారు. అతని తల్లి, భార్య అదే ఇంట్లో ఉన్నారు, వాళ్లనెవరూ అడగలేదు. తిరిగి వచ్చి, ఓటు వేద్దామని బడికి పోయాకే అతనికి తెలిసింది. ఆ రోజు ఆయన ముఖం నేను చూశాను.

2025లో బిహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ చేసినప్పుడు ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. చనిపోయిన వాళ్లు 22 లక్షలు, రెండుచోట్ల ఉన్నవాళ్లు 7 లక్షలు, ఊరు మారినవాళ్లు లేదా దొరకని వాళ్లు 36 లక్షలు అని చెప్పారు. అంటే సగానికి పైగా వలస లెక్కే. దొంగ ఓట్లు పోవాలి, చచ్చిపోయిన వాళ్ల పేర్లు పోవాలి, రెండో ఓటూ పోవాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ కూలీలను పంపే ప్రాంతంలో జాబితా కడిగితే ముందు కొట్టుకుపోయేది కూలీ పేరే. సిరిసిల్లకైనా, జగిత్యాలకైనా, మా వర్ధన్నపేటకైనా రేపు అదే వరస.

దీనికి మందు లేదా అంటే ఉంది. 2022 డిసెంబర్‌లో ఎన్నికల సంఘమే రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనా ప్రకటించింది. ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాల ఓటు తీసుకోవచ్చని, 2023 జనవరి 16న పార్టీలను పిలిచి చూపించబోయింది. ప్రతిపక్షాలు అనుమానాలు లేవనెత్తాయి, మాట అక్కడే ఆగిపోయింది. అనుమానాలు తీర్చడం వేరు, పక్కన పెట్టేయడం వేరు. గల్ఫ్ సంగతి ఇంకా అన్యాయం. 2010 చట్ట సవరణతో ప్రవాసులకు ఓటు హక్కు వచ్చింది, కానీ విమానమెక్కి వచ్చి వేయాలి. 2018లో ప్రాక్సీ ఓటు బిల్లు, అంటే వాళ్ల బదులు ఇంకొకరు ఓటు వేసే బిల్లు, లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటక ముందే లోక్‌సభ రద్దయి మురిగిపోయింది. 2024లో దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదైంది 1.19 లక్షల మంది, వేసింది మూడు వేల లోపు. నమోదైన వాళ్లలో నాలుగింట మూడు వంతులు కేరళ వాళ్లే. మనవాళ్లకు ప్రవాసులు ఓటు నమోదు చేసుకునే ఫారం 6ఏ అనేది ఒకటుందని కూడా తెలియదు. సైనికులకు ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇస్తున్నప్పుడు, ఎడారిలో పనిచేసి దేశానికి పైసలు పంపే మనిషికి ఎందుకివ్వరు? అక్కడ చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో జీవో ఇచ్చింది, మంచి పని చేసింది. బతికున్నప్పుడు ఓటు కూడా ఇవ్వాలి కదా.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు తేల్చుకోవాలంటే, 2027 మార్చి 1 తేదీని ఆధారం చేసుకుని జనగణన జరగాల్సి ఉంది. జనగణన మనిషిని ఉన్నచోట లెక్కిస్తుంది. నియోజకవర్గాల పునర్విభజనకు ఆధారం ఆ లెక్కే. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో తెలంగాణ వాటా 2.9 శాతం, లోక్‌సభ సీట్లలో 17 అంటే 3.1 శాతం. సీట్లు జనాభాను బట్టి పంచితే దక్షిణాదికి నష్టమన్న మాట అందరూ మాట్లాడుతున్నారు. రాష్ట్రం లోపల జరగబోయేది ఎవరూ మాట్లాడటం లేదు. మల్కాజ్‌గిరిలో ఇప్పటికే 37 లక్షల పైన ఓటర్లున్నారు, మహబూబాబాద్‌లో 15 లక్షల పైన. రేపు జనాభాను బట్టి గీతలు గీస్తే హైదరాబాద్ చుట్టూ సీట్లు పెరుగుతాయి, గోదావరి ఒడ్డున తగ్గుతాయి. మన పిల్లలు అక్కడ లెక్కకొచ్చి అక్కడి సీటును పెంచుతారు, ఓటు మాత్రం ఇక్కడ ఉంచుకుని ఎక్కడా వేయరు. రెండు వైపులా నష్టపోయేది మనమే.

మా చిన్నాన్న కొడుకు పద్నాలుగేళ్లుగా ఉప్పల్‌లో ఉంటున్నాడు. వాడి ఓటు మా ఊర్లోనే ఉంది. మొన్న వాడి బిడ్డకు పద్దెనిమిది నిండాయి. ఓటు ఎక్కడ రాయించాలని ఇంట్లో పెద్ద చర్చ. ఊర్లోనే రాయించమని నానమ్మ పట్టుబట్టింది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, "పెద్దబాపూ, నేను చదివేది ఇక్కడ, ఎక్కే బస్సు ఇక్కడిది, మా గల్లీలో నీళ్లు రాకపోతే అడగాల్సింది ఇక్కడి వాళ్లను. నా ఓటు అక్కడెందుకు?" అని అడిగింది. నేను ఉప్పల్ అడ్రస్‌తోనే కొత్త ఓటుకు ఫారం 6 పెట్టమన్నాను. నువ్వు కూడా ఫారం 8 పెట్టి ఓటు మార్చుకోరా అని తమ్ముడితో అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నానమ్మ ఉన్నన్ని రోజులు ఉండనీ అన్నా" అన్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు తండ్రి కార్డు మీద వర్ధన్నపేట ఉంది, బిడ్డ కార్డు మీద ఉప్పల్ ఉంది.